కాళ్లు పట్టుకున్న చేతులు

శత్రువుల గనుల్లో మగ్గుతున్న తమవాళ్లను విడిపించడానికి సైన్యం బయట సిద్ధంగా ఉంది. ఆయుధశాలలో అక్క, సేనాని అయిన చెల్లెలికి కవచం తొడుగుతోంది.

"చెయ్యెత్తవే, పట్టీ బిగించాలి."

"నేను యుద్ధానికి వెళ్లనక్కా. మళ్లీ అదే కల. నరకంలో నిలబడ్డాను. ఒళ్లంతా మంటలు. నా నోట్లోంచి ఎవరిదో గొంతు."

"దేవుడు పూనాడేమో."

"దెయ్యం పట్టిందన్నాడు రాజగురువు."

"ఆయనకి పిల్లి తుమ్మినా నరకమే కనిపిస్తుంది."

"నవ్వకు. కిందనుంచి బోలెడు చేతులు నా కాళ్లు పట్టుకుని లాగాయి."

"పడ్డావా?"

"లేదు."

"ఒక్క అడుగైనా కిందికి దిగావా?"

"లేదు. నిలబడే ఉన్నా."

"మరి ఆ చేతులేం చేశాయి?"

"కాళ్లు వదిలి నడుం పట్టుకున్నాయి. తర్వాత భుజాలు. ఒకామైతే నా నెత్తిమీద కాలు పెట్టి..."

"పెట్టి?"

"పైకి వెళ్లిపోయింది. అక్కా! వాళ్లు నన్ను లాగలేదు. నన్ను పట్టుకుని ఎక్కారు!"

"ఇంతకీ ఆ గొంతు ఏమంది?"

"'ఇంకా ఎవరున్నారు కింద? పైకి రండి' అంది."

"ఏ దెయ్యమైనా అలా పిలుస్తుందటే? చెయ్యెత్తు."

"ఇదిగో. భుజాల దగ్గర బాగా బిగించక్కా. చాలామంది ఎక్కాలి."