గెలాక్సీలను తూచిన బావ

ఆసుపత్రి ఎదుట టీ కొట్టు బల్ల మీద కూర్చుని బావ కోతలు మొదలుపెట్టేసరికి, పక్కనే ఉన్న బావమరిదికి తల కొట్టేసినట్టయింది. లోపల అక్కకి గుండె ఆపరేషన్ జరుగుతోంది. ఈయనేమో పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా, కనబడ్డవాళ్లని కూర్చోబెట్టి కథ చెబుతున్నాడు.

బావ అబ్జర్వేటరీలో మెకానిక్కు. టెలిస్కోపు తిప్పే మోటార్లు చూసుకుంటాడు.

“మొదట నేను చేసింది చిన్న పనేనండీ. ఒక స్క్రూ వదులైతే బిగించాను. అంతే! వెలుగు రావడానికే కోట్ల ఏళ్లు పట్టే దూరంలో ఉన్న గెలాక్సీల గుంపు, అద్దంలో ముఖంలా కనబడింది. వెయ్యి గెలాక్సీలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?”

“ఏం చేశారు?” అన్నాడు టీ కొట్టాయన.

“తూచాను! గుంపు నడిమధ్య బరువెక్కువ. అక్కణ్నించి వెలుగు బయటపడాలంటే నూతిలోంచి పైకెక్కినట్టు ఎక్కాలి. ఎక్కేసరికి నీరసించి కాస్త ఎర్రబడుతుంది. ఆ ఎరుపెంతో కొలిస్తే, గురుత్వాకర్షణ మీద మన లెక్క సరైందో కాదో తేలిపోతుంది. పాత సూత్రమే అక్కడా చెల్లుతుందని కొందరు శాస్త్రవేత్తలు, కాదు, అంత దూరాన లాగుడు ఇంకా ఎక్కువని కొందరు, కొట్టుకు చస్తున్నారు. ‘తప్పుకోండి’ అన్నాను. కంప్యూటరూ గింప్యూటరూ లేకుండా ఒంటి కంటితో చూసి చెప్పేశాను!”

“ఒంటి కంటితోనే?” అని నవ్వాడు, తల్లిని వార్డులో చేర్పించి వచ్చిన ఒకాయన.

“రెండోది కూడా తెరిస్తే ఆ వెలుగు తట్టుకోగలమా? అదేముంది, ఇంకా వినండి. ఒక వెలుగు ఎక్కలేక సగం దారిలో ఆగిపోయింది. నేను చెయ్యి చాపి, రా తల్లీ, ఇంకొంచెం, ఇంకొక్క అడుగు అంటూ లాగాను. లాగుతుంటే గుంపు గుంపంతా ఇటు ఒరిగింది! వెయ్యి గెలాక్సీల బరువూ ఈ ఒక్క చేతి మీద...”

చాపిన చెయ్యి అలాగే గాల్లో నిలిపాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బావమరిదికి ఓపిక నశించింది. “చాల్లే బావా! ఆ అబ్జర్వేటరీలో ఇన్నేళ్లుగా ఆ వెలుగు కొలుస్తున్నది అక్క. ఎవరి లెక్క నిజమో ఇంకా తేలనే లేదు. స్క్రూ బిగించడం తప్ప ఇందులో నీదేముంది?”

అందరూ బావ వంక చూశారు. ఆయన చెయ్యి దించేశాడు.

“ఏమీ లేదురా,” అన్నాడు మెల్లగా. “అన్నం తింటూ మీ అక్క చెప్పిందే ఇదంతా. ‘మా ఆవిడ’ అని మొదలుపెడితే గొంతు పూడుకుపోతోంది. అందుకని ‘నేను’ అని చెప్పుకొస్తున్నా.”

బావమరిది దగ్గరికి జరిగి ఆయన భుజం మీద చెయ్యేశాడు. టీ కొట్టాయన చప్పుడు చెయ్యకుండా ఒక కప్పు తెచ్చి ముందు పెట్టాడు. బావ దాన్ని తాగలేదు, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రమెప్పటికో గేటు దగ్గరికి నర్సు వచ్చింది. “గుండె ఆపరేషన్ బాగా జరిగింది. మెలకువ వచ్చింది. ఆవిడ తాలూకు ఎవరండీ? ఒక్కరే రావాలి.”

“నేను,” అంటూ బావ లేచాడు.