బెల్లం అంటిన వేలు

నా పేరు షేక్ ఖుర్షిదా. భర్త బుడాన్. వయసు నలభై ఎనిమిది. చిలకలూరిపేట దగ్గర మిరప కల్లాల్లో రంగు పోయిన తాలు కాయలు ఏరే కూలిపని చేస్తాను. గుంటూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నది నా కూతురు ఆయేషా. మీరు నిన్నటి నుంచి స్టేషన్లో కూర్చోబెట్టిన బాజీ నా అల్లుడు.

నిన్న పొద్దున బండి తాళాల కోసం వాళ్లిద్దరూ అరుచుకున్న మాట నిజమే. అరుచుకోని మొగుడూ పెళ్లాలు ఎవరండీ? అంతమాత్రానికే పిల్ల పురుగుమందు తాగిందంటారా? తాగలేదు. నేను పక్కనే ఉన్నాను. తాగలేదు.

పదకొండు గంటలప్పుడు కల్లంలో ఎండకు దానికి కళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ నాగేంద్రబాబును పిలిపించాం. అప్పటిదాకా పిల్ల బెల్లం నీళ్లలో వేళ్లు ముంచుకుంటూనే ఉంది. కాయల మంటకు మా కల్లంలో ఆడవాళ్లందరం అదే చేస్తాం. ఆయన వేలిని స్పిరిట్ దూదితో అలా పైపైన తుడిచి, సూది గుచ్చి, మిషన్లో చూశాడు. నాలుగు వందల ఎనభై ఆరు వచ్చింది.

"అమ్మో, షుగర్ తలకెక్కింది! ఏమీ తినిపించొద్దు" అని ఇన్సులిన్ పొడిచాడు.

"దీనికి షుగర్ ఎప్పుడూ లేదయ్యా, ఇంకోసారి చూడు" అన్నాను.

"మిషన్ కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు.

కాసేపటికి పిల్ల చెమటతో తడిసిపోయింది. ఫిట్స్ వచ్చాయి, నోట్లో నురగ వచ్చింది. అప్పుడు ఆయన ప్లేటు ఫిరాయించి, "పురుగుమందు తాగినట్టుంది" అని అందరి ముందూ అరిచాడు. దాని నోట్లో ఏ వాసనా లేదు.

గుంటూరులో డాక్టరమ్మ శ్రీరమ్య గారు నరంలోంచి రక్తం తీసి చూశారు. చక్కెర ఇరవై నాలుగుకు పడిపోయిందన్నారు. వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు. మూడు నెలల లెక్క చెప్పే పరీక్షలోనూ షుగర్ జబ్బు లేదని తేలింది. మందు తాగిన ఆనవాలూ లేదు. బెల్లం నీళ్ల సంగతి చెబితే ఆవిడ తల పట్టుకున్నారు.

"వేలికి అంటిన తీపిని కూడా మిషన్ లెక్కపెట్టిందమ్మా. సబ్బుతో చెయ్యి కడిగించి మళ్లీ చూడాల్సింది. ఒక్క అంకె చూసి సూది వేస్తారా?" అన్నారు.

ఇంకోసారి చూడమనే కదా నేనూ అడిగాను.

ఎస్సై గారు ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఎవరూ బెదిరించి చెప్పించలేదు. చివర ఒక్క మాట కలపమన్నాను, కలిపారు. పిల్ల కళ్లు తెరిచినా మనుషుల్ని గుర్తుపడుతుందో లేదో చెప్పలేమన్నారు డాక్టరమ్మ. గుర్తుపట్టడానికైనా వాడు ఎదురుగా ఉండాలి కదండీ. బాజీని వదలండి.

షేక్ ఖుర్షిదా, ఎడమ బొటనవేలి ముద్ర