పన్నెండు రోజులు నేను చదివిన గుడ్డముక్క

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధమున్నా ఈ టీలో ఈగ పడాలి. చూడండి, అందరూ చూడండి. పడిందా? లేదు. ఇక వినండి.

"కప్పు మీద సాసరు మూత పెట్టి ప్రమాణం చేస్తే ఈగ ఎట్లా పడుద్ది చాచా?" అని పక్కింటి జూనస్ పళ్ళికిలించాడు.

వేడి పోకుండా పెట్టానురా. నువ్వు అడ్డం తగలకు, ఈ కథ నీకోసం కాదు, మా తమ్ముడి కోసం. ఒరే సుమార్, ఇటు తిరుగు. నీ వరండాలో కూచుని, నీ టీ తాగుతూ, నీకే చెబుతున్నా. నీ కొడుకు సిద్దీక్‌కి భుజ్ దగ్గర బడిలో చోటొచ్చింది. మనలాంటి అద్దకం వాళ్ళకని పెట్టిన బడి అది. ఏడాది పాటు నెలకి రెండేసి వారాలు కూచోబెట్టి పాత నమూనాల చరిత్ర చెబుతారు. ఏ గీత ఎక్కడ పుట్టింది, ఏ రంగు పక్కన ఏ రంగు ఎందుకు నిలిచింది, అదంతా నేర్పి, చివరికి వాడిచేత వాడి సొంత నమూనా చేయిస్తారు. సాయంత్రం నమాజులోపు నువ్వు ఫోను చేసి సరే అనాలి. అనకపోతే ఆ చోటు ఇంకొకడిది.

"అనను," అన్నాడు సుమార్. "ఢిల్లీ దుకాణం వాళ్ళు ఏనుగులు అద్ది పంపమన్నారు. ఏనుగు అద్దడానికి చరిత్ర దేనికన్నా? తొండం ఎటుందో తెలిస్తే చాలు."

చూశావా, అక్కడే పప్పులో కాలేశావు. చరిత్ర చదవబట్టే కదా నేను ఈ కచ్ దేశానికి ఇంతవాణ్ణయ్యాను!

అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. మిల్లు గుడ్డ వచ్చి మన కొంప ముంచిన రోజులు. తాతల కాలం నుంచీ మన దుప్పటే భుజాన వేసుకున్న పశువుల కాపరులు తళతళలాడే నైలాను చూసి అటు తిరిగిపోయారు. నీలిమందు తొట్టి ఎండిపోయింది. చెక్క అచ్చులన్నీ గోతాంలో పడ్డాయి. వాటిని పొయ్యిలోకి వాడేద్దామా అని అమ్మ రోజూ అడిగేది. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేనేం చేశానో తెలుసా? అహ్మదాబాదు బస్సెక్కాను. అక్కడొక మ్యూజియంలో, కింది గదిలో, గాజు పెట్టెలో ఒక గుడ్డముక్క ఉందని విన్నాను. మన ముత్తాతల ముత్తాతలు అద్ది ఓడకెత్తితే, ఈజిప్టు ఇసుకలో ఏడొందల ఏళ్ళు నిద్రపోయి మళ్ళీ మన దేశం చేరిన ముక్క. అరచేయంత ఉంటుంది. దాని ముందు పన్నెండు రోజులు నిలబడ్డాను.

"ఇంతవరకూ నిజమే," అన్నాడు సుమార్. "సద్దిమూట మోసింది నేనే."

విన్నారా! సాక్షి కూడా ఉన్నాడు. ఇక మొదటి రోజు. అలా ఒక్క చూపు చూసి, "ఏడొందల పదమూడేళ్ళ నాలుగు నెలలు" అన్నాను. మ్యూజియం పెద్దాయన పరిగెత్తుకెళ్ళి పుస్తకం తిరగేసి, నాలుగు నెలలు మేం రాసుకోలేదండీ అని చెంపలేసుకున్నాడు. రెండో రోజు, ఈ గుడ్డ ఉతికిన నీళ్ళు మా ఏటివే, రెండో మలుపు దగ్గరివి, గేదెలు దిగని చోటివి అన్నాను. మూడో రోజు, అద్దినవాడు ఎడమచేతివాటం మనిషి, ఆ పొద్దున పెళ్ళాంతో పోట్లాడాడు అని చెప్పాను.

"అదెట్లా తెలిసింది పెదనాన్నా?" అన్నాడు సిద్దీక్. పిల్లాడి కళ్ళు చూడాలి, సాసర్లంత అయ్యాయి.

మూడో పువ్వు దగ్గర అచ్చు దబ్బుమని కొట్టాడు నాయనా, రంగు పక్కకి చిమ్మింది. నాలుగో పువ్వు వెన్నలా దిగింది. అంటే ఏమిటి? మూడుకీ నాలుక్కీ మధ్య సజ్జరొట్టె, వెల్లుల్లి కారం వచ్చాయన్నమాట.

లోపల్నుంచి మా మరదలు హమీదా, "ఏడొందల ఏళ్ళ నుంచీ మీ వంశం కోపానికి మందు రొట్టేనన్నమాట బావగారూ," అంది.

అదే తల్లీ చరిత్రంటే! ఐదో రోజు జర్మనీ నుంచి ఒక పండితుడు దిగాడు. నమూనాల శాస్త్రం మీద తొమ్మిది పుస్తకాలు రాశాడు. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఆ ఖాళీ ఎందుకుందయ్యా అంటే, రంగు చాలక వదిలేశారు అన్నాడు. నేను చిన్నగా నవ్వి, "అయ్యా, తమరు మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీస్తారే, మాటలు చాలకా?" అన్నాను. అంతే. భోరుమన్నాడు. తొమ్మిది పుస్తకాలూ పట్టుకెళ్ళి సాబర్మతిలో గిరాటేశాడు. ఎంత లావు పుస్తకాలనుకున్నారు, ఏటికి అడ్డుకట్ట పడి ఊరివాళ్ళు రెండు పంటలు తీశారు.

"ఆ పంటలో జర్మన్ అక్షరాలు కాసినట్టున్నాయి," అన్నాడు జూనస్.

జొన్నలు కాశాయి. ఒక్కో గింజ మీద ఒక అక్షరం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడో రోజు ఆ గుడ్డమీద నా ఊపిరి తగిలింది. ఏడొందల ఏళ్ళ మంజిష్ఠ ఎరుపు నిద్రలేచి విచ్చుకుంది. గాజు పెట్టె చుట్టూ తేనెటీగలు మూగాయి. ఆ ముక్క నుంచి అరశేరు తేనె తీశారు. ఈ మాట ఆనోటా ఈనోటా ఈజిప్టు రాజుగారి చెవిన పడింది, వెంటనే విమానం పంపించాడు.

"అక్కడ రాజులు పోయి చాలా కాలమైందట పెదనాన్నా."

నాకోసం ఒక్క వారం మళ్ళీ పెట్టారు.

"పన్నెండు రోజులూ అహ్మదాబాదులోనే నిలబడ్డానన్నావు కదా చాచా?"

పగలు అహ్మదాబాదు, రాత్రి ఈజిప్టు. విమానంలో నిద్ర. ఈ జూనస్‌ని ఎవరైనా కాసేపు తాడేసి కట్టండి! సరే, ఎడారిలో దిగాను. ముక్కు ఎగబీల్చాను. అద్దకానికి ముందు మనం గుడ్డ నానేసే కరక్కాయ వాసన. బొటనవేలితో ఇసుక గీరాను, గుడ్డ కొస తగిలింది. లాగాను. వస్తోంది. ఇంకా లాగాను. ఇంకా వస్తోంది. నలభై ఒంటెల్ని కట్టి లాగించాను. మూడు రాత్రులు వచ్చింది గుడ్డ, తెగదే! చివరికి అటు కొస నుంచి, భూమి లోపల్నుంచి మన ముత్తాత గొంతు వినపడింది: "లాగకురా ఆద్రేమాన్, ఇంకా ఆరలేదు!"

సిద్దీక్ పడీపడీ నవ్వాడు. సుమార్ మీసం కూడా కదిలింది, నేను చూశాను.

వదిలేశాను, పెద్దవాళ్ళ మాట కదా. ఆ పచ్చి నీలిమందు కారి నైలు నది మూడు రోజులు నీలంగా పారింది. ఆ ఏడాది కైరోలో చేప కోస్తే లోపల నీలం. ఆ చేపలు తిన్న పిల్లులకి మీసాలు నీలం. ఇంత చరిత్ర కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చి నా నమూనా చేశాను. ఏ దుప్పటో మీకు తెలుసు. ఒక వైపు నక్షత్రాల రాత్రిలా ముదురు, ఇంకో వైపు తెల్లారగట్ల ఆకాశంలా లేత. మొదటి దుప్పటి ఏటి ఒడ్డున ఆరేస్తే ఊళ్ళో కోళ్ళు మిట్టమధ్యాహ్నం గూట్లోకి దూరాయి. గాలికి దుప్పటి తిరగబడగానే పుంజులు కూశాయి. ఆ రోజంతా గాలే. సాయంత్రానికి పదకొండుసార్లు తెల్లారింది, పుంజులకి గొంతు పోయింది. మాండవిలో ఓడల వాళ్ళు దారి కోసం ఆకాశం చూడ్డం మానేసి మన దండెం వంక చూడసాగారు. ఇదంతా ఎందువల్ల? చదవడం వల్ల. పాతవాళ్ళు ఏం చేశారో, ఎందుకు చేశారో చదివినవాడి చెయ్యి అలా ఉంటుంది. ఇప్పుడు చెప్పు సుమార్, ఫోను చేస్తావా, చెయ్యవా?

సుమార్ కప్పు కింద పెట్టాడు. "అయిందా అన్నా?"

ప్రస్తుతానికి అయింది.

"అయితే నేను చెప్పేది కూడా వినండి. మన దుప్పటికి రెండు వైపులా అద్దుతాం కదా. మన ఇంట్లో పుట్టినవాడికి గుడ్డకి వెనక వైపనేది ఒకటుంటుందనే తెలీదు. అక్కడేమో వెలుతురు తగిలితే రంగు పోతుందని ఆ ముక్కని బోర్లా పడుకోబెట్టారు. అది ఒకే వైపు అద్దిన గుడ్డ. మా అన్న పదకొండు రోజులు దాని వెనక వైపు నిలబడి చదివాడు. అవతలికి ఊరిన మరకలు చూసి, ఆహా, పాతవాళ్ళ పనితనం ఎంత లేతగా ఉందో అని కాగితం మీద బొమ్మ దించుకున్నాడు. నేనూ పక్కన నిలబడి ఆహా అన్నాను. ఈజిప్టూ లేదు, రాజూ లేడు. మాటలు కోటలు దాటాయి, మనిషి గుడ్డ అవతలి వైపుకే దాటలేదు! ఇదీ మా అన్న చదివిన చరిత్ర. దీనికా నా కొడుకుని ఏడాది పంపేది?"

జూనస్‌కి టీ ముక్కులోంచి వచ్చింది. సిద్దీక్ నావైపు చూశాడు. నవ్వలేదు. కాదని చెప్పు పెదనాన్నా అన్నట్టుగా చూశాడు. ఆ చూపుకి నా నోట్లో తయారుగా ఉన్న నాలుగు ఒంటెలు వెనక్కి వెళ్ళిపోయాయి.

నిజమే నాయనా. మీ నాన్న చెప్పినదాంట్లో ఒక్కటే తక్కువ, పన్నెండో రోజు. ఆ రోజు ఇలాబెన్ అని, అక్కడ ఏళ్ళుగా పనిచేస్తూ ఆ గుడ్డల సంగతులన్నీ విని నేర్చుకున్న సన్నపాటి ఆవిడ, దుమ్ము తుడవడానికి వచ్చింది. నేను దించుకున్న బొమ్మ చూసింది. నవ్వలేదు. అది నేను చచ్చేదాకా మర్చిపోను, నవ్వలేదు. పెట్టె తెరిచి రెండు చేతులతో ఆ ముక్కని పసిపిల్లని తిప్పినట్టు తిప్పి, "భాయ్, ఇది ముందు వైపు" అంది. తర్వాత కుర్చీ వేసి కూచోబెట్టి చెప్పింది. ఓడల్ని తీసుకెళ్ళే గాలి తప్పిపోయేలోపు బేళ్ళకి బేళ్ళు అద్దాలి కాబట్టి పైదేశాలకి పోయే గుడ్డకి ఒకే వైపు అద్దేవారట. మన కాపరి చీకట్లో లేచి, దీపం లేకుండా, చేతికందిన గుడ్డ భుజాన వేసుకుని మందతో పోతాడు. ఎటు వేసుకున్నా సరిగ్గా ఉండాలని వాడికోసం రెండు వైపులా అద్దుంటారు అంది. మా నాన్న రెండు వైపులా అద్దమన్నాడు, అద్దాను. ఎందుకని నేను అడగలేదు. ఆయనా వాళ్ళ నాన్నని అడిగి ఉండడు. ముప్పై ఏళ్ళు నా చేతుల్లోనే ఉన్న సంగతి ఒక చీపురు పట్టిన ఆవిడ నాకు చెప్పింది. ఆ ముందు వైపు, నేను పొరపాటున దించుకున్న వెనక వైపు, రెండూ కలిపితేనే ఆ దుప్పటి పుట్టింది. ఆ తర్వాత ఆరేళ్ళు ఆవిడ పాత నమూనాలు గీసి పోస్టులో పంపేది. ఏ గీత పక్కన ఎందుకు వచ్చిందో రెండు ముక్కలు రాసేది. నా నమాజులో మా అమ్మ పేరు తర్వాత ఆవిడ పేరే. హిందువులావిడ కదా, అల్లాకి ఎలా చెబుతావన్నారు కొందరు. ఆయనకి తెలీదా, ఆయన గుడ్డకి మాత్రం ముందూ వెనకా ఉంటాయా!

హమీదా గుమ్మంలోకి వచ్చింది. మొగుడివైపు చూసి, "ఆ దుప్పటి అమ్మే కదండీ ఈ వరండా వేసుకున్నాం," అంది. "మీరు ఏనుగులు అద్దుకోండి, ఎవరొద్దన్నారు. తొండం ఎందుకుందో వీణ్ణి తెలుసుకుని రానివ్వండి."

సుమార్ గడ్డం గోక్కున్నాడు. వాడు ఓడిపోయినప్పుడు అలాగే గోక్కుంటాడు, చిన్నప్పటి నుంచీ. లేచి లోపలికెళ్ళి ఫోను తెచ్చాడు. అంకెలు నొక్కబోతూ ఆగాడు.

"పంపిస్తా. ఒక్క షరతు," అని కొడుకు ముఖంలోకి చూశాడు. "ఏ గుడ్డ ముందు నిలబెట్టినా, నాకు తెలీదు, ఇది ముందా వెనకా అని మొదటి రోజే నోరు తెరిచి అడగాలి. మీ పెదనాన్నలా పదకొండు రోజులు తెలిసినట్టు తల ఊపుతూ నిలబడ్డావంటే కాళ్ళిరగ్గొడతా."

సిద్దీక్ నావైపు తిరిగాడు. నేను తల ఊపాను. ఈసారి తెలిసే ఊపాను.