పేరు నొక్కితే

శనివారం సాయంత్రం ఐదున్నరకు బస్సు డ్రైవరు కూతురికి ఫోను కొనడానికి ఆమెను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆమెకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, సోమవారం ప్రయాణం. దుకాణదారు ముందుగా డ్రైవరు ఫోను తీసుకుని దాని మీద కొత్త అద్దం అతికిస్తున్నాడు.

"ధర సంగతి తర్వాత. అమ్మాయికి ఏం కావాలో అది చూపించు నాయనా."

"అలాగే డ్రైవర్ గారూ. చెప్పమ్మా, ఫోనంటే ఎలా ఉండాలి నీకు? కెమెరానా, బ్యాటరీనా?"

"అవి అన్నిటికీ ఉంటాయి కదన్నా."

"ఉంటాయనుకో. ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి. పొద్దున ఒకాయన వచ్చి, వాళ్ళావిడ చేసినప్పుడు మాత్రం సిగ్నల్ పోయే ఫోనుందా అని అడిగాడు."

"నువ్వేమన్నావ్?"

"ఉంటే ముందు నేనే ఉంచుకునేవాణ్ణి అన్నాను."

"విన్నావా చిట్టీ? నువ్వూ అడుగు. నోరు విప్పి అడిగితే పోయేదేముంది."

"పేరు నొక్కితే ఆ మనిషికే పోవాలి."

"అదేం కోరికమ్మా. పేరు నొక్కితే ఇంకెవరికి పోతుంది?"

"మోగుతుంటే, అవతల ఎక్కడ మోగుతోందో కనపడాలి. సంచిలోనా, దిండు కిందా, ఎవరి జేబులోనా."

"అలాంటిది ఇంకా రాలేదు."

"మెసేజి చదివితే నీలం టిక్కులు పడతాయి చూడు, ఎవరి కళ్ళు చదివాయో కూడా చెప్పాలి."

"చిట్టీ, పొద్దుపోతోంది. ఆ నల్లది బాగుంది, తీసుకుందాం."

"నువ్వే అడగమన్నావు కదా నాన్నా."

"అడగమన్నాను. ఆయన్ని ఆటపట్టించమన్లేదు."

"పోనివ్వండి, ఆడపిల్ల సరదాగా అంటోంది. నల్లదే ఖాయమా? అయితే సిమ్ము ఇందులో వేస్తాను. పాత ఫోన్లో నంబర్లన్నీ ఎక్కించేస్తాను."

"అన్నీ ఎక్కించు."

"ఒక్కటి వద్దన్నా. అమ్మ అని ఉంటుంది, అది తప్పు నంబరు."

"తప్పేంటి? ఆరేళ్ళ నుంచీ అదే నంబరు."

"ఆరేళ్ళ నుంచీ మోగుతుంది. ఎత్తదు."

"ఎత్తదని తెలిసీ ఎందుకమ్మా. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన మనిషి. ఇప్పుడా మాట, ఇక్కడా?"

"నిన్న సామాన్లు సర్దుతుంటే అటక మీద నా చిన్నప్పటి బడిసంచి దొరికింది. మూత లోపలివైపు అమ్మ తన నంబరు కుట్టింది. నేను తప్పిపోతే చూసినవాళ్ళు ఫోన్ చేస్తారని. చివర ఆరు ఉంది. నా ఫోన్లో తొమ్మిది."

"కుట్టు కదా. సంచి తలకిందులుగా పట్టుకునుంటావ్. తొమ్మిది ఆరులా కనపడుతుంది."

"తలకిందులైతే పది అంకెలూ అవ్వాలి. అదొక్కటే ఎలా తిరగబడింది నాన్నా?"

"నాకేం తెలుసు. దారం ఊడిందేమో."

"అన్నా, సిమ్ము వేశావా? పనిచేస్తోందో లేదో చూడు. అమ్మ అన్నదానికే చెయ్యి."

"వద్దు వద్దు. నాకు చెయ్యి. నా నంబరు చెప్తాను, దానికి చెయ్యి."

"ఎవరికైతే ఏంటి లెండి, నొక్కేశాను. మోగుతోంది. డ్రైవర్ గారూ, మీ ఫోను వెలుగుతోంది."

"ఇలా ఇచ్చెయ్."

"అద్దం ఇంకా అతుక్కోలేదు, ఆగండి. శబ్దం లేదు గానీ వస్తోంది, రెండో సిమ్ముకి. చిట్టి అని పడుతోంది."

"కట్టెయ్ ముందు."

"కట్టేశాను."

"పెళ్ళైన కొత్తలో ఇద్దరం ఒకే కొట్లో తీసుకున్నాం చిట్టీ. ఆమెకి ఆరు, నాకు తొమ్మిది. మిగతా అంకెలన్నీ ఒకటే. అదీ సంగతి."

"అది నేనడగలేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రాత్రి. నేను చేస్తే నీ దిండు కింద వెలిగింది."

"ఇంట్లోనే అడగాల్సింది. నలుగురిలో పరువు తీయడమెందుకు?"

"ఇంట్లో అడిగితే లేదనేవాడివి."

"నువ్వు రోజూ ఏడ్చేదానివి. అందుకే నీ ఫోన్లో ఆరు తీసి తొమ్మిది పెట్టాను. నాలుగు రోజులు మోగించి నువ్వే మానేస్తావనుకున్నాను. నువ్వు మానలా."

"అమ్మ నాకు చెయ్యకుండా, తను వెళ్ళిన వారమే నా సిమ్ము కూడా మార్పించావు."

"మార్పించాను."

"మరి మెసేజిలు?"

"పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"మెసేజిలు నాన్నా."

"వచ్చేవి."

"చదివేవాడివి."

"చదవకపోతే నీ మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? నాతో మాట్లాడేదానివా నువ్వు?"

"నాన్న తిట్టాడని రాస్తే మర్నాడు కొత్త చెప్పులు తెచ్చేవాడివి. ఒళ్ళు కాలిపోతోంది, నాన్న డ్యూటీకి పోయాడు అని రాశాను. బస్సు ఇంకొకరికి అప్పజెప్పి తిరిగొచ్చావు. అమ్మ చదివి నీకు గడ్డి పెట్టిందనుకున్నాను. నాతో మాట్లాడకపోయినా నన్ను కనిపెట్టుకునే ఉందనుకున్నాను. దాంతోనే బతికాను ఇన్నాళ్ళూ."

"గడ్డి పెట్టింది నువ్వు, తిన్నది నేను. నువ్వు రాసినవన్నీ చేశాను కదే."

"అన్నీ కాదు. ఒక్కసారి రా అమ్మా అని రాసేదాన్ని."

"అది నా చేతిలో పనా?"

"ఇంకెవరి చేతిలో ఉంది?"

"డ్రైవర్ గారూ, మీరు లోపలికొచ్చి కూర్చోండి. మంచినీళ్ళిస్తాను."

"వద్దు. బిల్లు రాసెయ్."

"రాయకు. చివర ఆరు పెట్టి ఆ నంబరుకి చెయ్యన్నా."

"నిన్ననే చేసి చూడకపోయావా చిట్టీ, అంత తెలిసినదానివి?"

"భయమేసింది. ఇదీ ఎత్తకపోతే?"

"చెయ్యమంటారా డ్రైవర్ గారూ?"

"ఆయన్నెందుకు అడుగుతావ్. ఫోను నాది."

"చేస్తున్నానమ్మా. ఏం పలకట్లేదు. ఉండు, ఇంకోసారి చూస్తాను. లేదమ్మా, ఈ నంబరు లేదంటోంది."

"చూశావా. మార్చేసింది. ఎప్పుడో మార్చేసి ఉంటుంది. నేను మార్చినా మార్చకపోయినా ఒకటే అయ్యేది. ఏం నాయనా, అంతేగా?"

"అలా చెప్పలేం. మేం కొత్త సిమ్ములు అమ్ముతాం కదా, మా జాబితాలో తెలుస్తుంది. చివర ఆరేనా అమ్మా?"

"ఆరే."

"దొరికింది. ఎప్పుడో కాదండీ. వాడకం ఆగిపోయిందని పోయిన నెలలోనే తీసేశారు."

"అంతకుముందు?"

"అంతకుముందు ఇన్నేళ్ళూ నడిచిన నంబరే."

"ఎవరి దగ్గర?"

"పేరు మాకు చూపించదమ్మా. ఇప్పుడైతే ఎవరి దగ్గరా లేదు, కొత్తవాళ్ళకిచ్చే నంబర్లలో పెట్టారు. కావాలంటే నీ పేరు మీదే ఇచ్చేస్తాను."