దసరా ముందరి పేర్లు

తార్నాక పక్కనున్న యూనివర్సిటీ లైబ్రరీలో కంప్యూటర్ గది. దాన్ని చూసుకునే శశిధర్ ఎదురుగా, హబ్సిగూడ టిఫిన్ సెంటర్‌లో సగంపూట సెలవు అడుక్కుని వచ్చిన స్వరూప.

“మళ్లొకపారి కొట్టి చూడుండ్రి సార్. మా అమ్మ పేరు సారలమ్మ. మెట్‌పల్లి.”

“మూడుసార్లు కొట్టినానమ్మా.”

“జనవరిల ఫోన్ చేస్తే ఈడ టేపులు ఎక్కించిన నవత మేడం ఏమన్నది? ‘బీడీలు చుట్టేటోళ్ల టేపులల్ల మీ అమ్మ మాట్లాడిందక్కా, వచ్చి విను’ అన్నది. అబద్ధమా?”

“కాదు. అప్పుడు ఉండింది. పోయిన సోమవారం డిస్కు కాలిపోయి, సెర్చ్ ఇండెక్స్ మొత్తం పోయింది.”

“అంటే మా అమ్మ మాటలు పోయినట్టేనా?”

“మాటలు పోలేదు. ఫైళ్లన్నీ వేరే మిషన్‌లో భద్రంగా ఉండాయి. ఏ ఫైలు ఎవరిదో చెప్పే జాబితా పోయింది. ఫైళ్ల మీద ఉత్త నెంబర్లే.”

“నకలు పెట్టుకోరా?”

“పెట్టుకుంటాం. ప్రతి శనివారం బ్యాకప్ డిస్కులోకి పోతాది. నిన్న దాన్నుంచే రిస్టోర్ చేసినాను. నలభై వేల పేర్లు తిరిగొచ్చినాయి.”

“మరింకేంది! అండ్ల మా అమ్మ...”

“అవి దసరా ముందరివి. బీడీల టేపులు దసరా తర్వాత ఎక్కించినాం.”

“శనివారం శనివారం అంటిరి గద సార్. దసరా తర్వాత శనివారాలే రాలేదా?”

“వచ్చినాయి... డిస్కే లేదు.”

“యాడికి పోయింది?”

“ఎక్కడికీ పోలేదు. ఇదో, ఈ బీరువా మీదనే, దేవుని పటం ముందర ఉండింది.”

“గిదా? దీనికి బొట్టున్నది.”

“ఆయుధపూజ రోజు నేనే మిషన్ నుంచి పీకినాను. తుడిచి, పసుపు కుంకుమ పెట్టి... మా కర్నూలు పక్క ఆ పొద్దు పనిముట్టును మొక్కకుండా ఉండం. మొక్కినాను. మళ్లీ తగిలించేది...”

“మర్చిపోయిండ్రు.”

“మర్చిపోయినాను.”

“ఆర్నెల్లు?”

“ఆర్నెల్లు. నాలుగు మాటలు తిట్టమ్మా, అట్ల చూడొద్దు.”

“తిడితే వస్తదా సార్? క్యాసెట్ల మీద రాసి ఉంటది గద?”

“అట్టలకు చెదలు పట్టినాయి. పేర్లు ఎక్కించినాం కదా అని పారేసినాం.”

“టేపులల్ల మాట్లాడినోళ్లు పేరు చెప్పరా?”

“బీడీల గురించే అడిగినారు. పేర్లు అట్ట మీద రాసుకున్నారు.”

“నవత మేడంకు యాదికుంటది.”

“ఆమె పుణె పోయింది. ఫోన్ చేసినా. ఆరువందల పేర్లు ఎట్ల గుర్తుంటాయన్నా అని ఏడ్చింది.”

“నేనే గాడిదను. ఇరవై నిమిషాల తొవ్వ సార్! సెలవియ్యలేదని రేపు మాపు అనుకుంట కూసున్న.”

“ఒక దోవ ఉంది. ఫైళ్లు ఆరువందల పన్నెండు. ఒక్కొక్కటీ విను. రోజూ రా, నా కుర్చీలోనే కూచో. అమ్మ గొంతు వినపడంగానే చెప్పు, పేరు నా చేత్తో నేనే ఎక్కిస్తా.”

“ఎట్ల తెలుస్తది సార్? నాకు ఏడు నెలలున్నప్పుడే సచ్చిపోయింది.”

“...మీ నాయన ఉండాడా?”

“ఉన్నడు, నా దగ్గర్నే.”

“గుర్తుపడతాడా?”

“ఎందుకు పట్టడు? అట్ల పిలిచేది, ఇట్ల నవ్వేది అని ఇప్పటికీ రోజు చెప్తడు.”

“ఇంకేం! రేపే పిల్చుకొని రా.”

“ఆయనకు చెవులు పోయి నాలుగేండ్లాయె సార్.”