బెత్తెడు తక్కువైన బ్రౌన్ స్కర్టు

ఆ వీధిలో ఆయన్ని అందరూ కోతల మాస్టారనే పిలిచేవారు. పొద్దంతా గుడ్డ కోస్తూనే ఉంటాడు, ఆ కోసేంతసేపూ కబుర్లూ కోస్తూనే ఉంటాడు. పేరు దేన్నిబట్టి వచ్చిందో ఎవరూ విడదీసి అడగలేదు.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి ఆయన టైలరు కొట్టు అరుగు మీద ముగ్గురున్నారు. టీ గ్లాసులు తెచ్చి అక్కడే చతికిలబడ్డ టీ కొట్టాయన, డ్యూటీకి బయల్దేరిన బస్సు కండక్టరమ్మ, బ్రౌన్ స్కర్టు కోసం వచ్చిన ఒక అమ్మాయి. లైబ్రరీలో ఉద్యోగానికి ఆ అమ్మాయికి పదకొండింటికి ఇంటర్వ్యూ. పైన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కింద ఇంట్లో వేసుకునే పాత పైజామా. స్కర్టు ఇక్కడే మార్చుకుని అటునించటే వెళ్లాలని వచ్చింది.

స్కర్టు లోపలి గదిలో ఉంది. మోకాలి కిందికి రావలసింది పైనే ఆగిపోతుంది. ముందురోజు మాస్టారు ఎవరికో ఏదో గొప్ప చెప్పుకుంటూ, ఆ ఊపులో గుర్తుకి బెత్తెడు పైన కత్తెర నడిపేశాడు. పొద్దున అంచు కుట్టబోయి, కొట్టులో ఆయనకి సాయంగా కుట్టే వదినగారు కనిపెట్టింది. "కింద పట్టీ అతికితే సరిపోతుంది, అరగంట పని. కానీ ఆ అమ్మాయి సరేనంటేనే వేస్తాను. ముందు చెప్పు," అంది.

చెబుదామనే మాస్టారు బయటికొచ్చాడు. అమ్మాయి మొహం చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అయిందా మాస్టారూ?"

"అవుతోంది తల్లీ. అసలు బ్రౌన్ రంగు ఎంచుకున్నావు చూడు, అక్కడే నీ తెలివి తెలుస్తోంది. బ్రౌన్‌ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒకసారి ఒక ఆఫీసరమ్మ వచ్చింది నా దగ్గరికి. ఒకే రోజు మూడు పనులు, మధ్యలో ఇంటికెళ్లే వీల్లేదు. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం పెళ్లి, సాయంత్రం చావింట్లో పరామర్శ. ఒక్క స్కర్టుతో గట్టెక్కించాలి. మరీ లేతదైతే చావింటికి పనికిరాదు, మరీ ముదురైతే పెళ్లికి పనికిరాదు. రెంటికీ మధ్యన, పాలు తక్కువేసిన కాఫీ రంగు తీశాను."

"బాగుంది," అన్నాడు టీ కొట్టాయన.

"పొద్దున తెల్ల చొక్కా లోపలికి దోపించి, సన్న బెల్టు పెట్టించి, మూసిన బూట్లు వేయించాను. ఆవిడ లోపలికి రాగానే ఆఫీసంతా లేచి నిలబడింది. మధ్యాహ్నం బెల్టు తీసేసి, పసుపు పట్టు జాకెట్టు, మెడలో పూసలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెళ్లికొడుకు తరఫువాళ్లు పెళ్లికూతురిని వదిలేసి ఆవిడకి ఎదురెళ్లారు."

లోపల్నించి వదినగారి గొంతు వినిపించింది. "మరిదీ, ఆ అమ్మాయికి చెప్పావా?"

"చెబుతూనే ఉన్నాగా వదినా," అన్నాడు మాస్టారు. గోడ గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఈ ముక్క కాగానే చెప్పేద్దామనుకున్నాడు. ఆ ముక్క అవుతుంటే ఇంకో ముక్క తన్నుకొచ్చింది.

"సాయంత్రం పూసలు తీయించి నల్ల స్వెట్టరు వేయించాను. అదే స్కర్టు. చావింట్లో అప్పటిదాకా కంట తడి పెట్టని వాళ్లు కూడా ఆవిణ్ణి చూసి బావురుమన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోయినాయన లేచి కూర్చున్నాడు. 'ఈ స్కర్టు కుట్టిందెవరు?' అని అడిగి, నా పేరు విని, మళ్లీ పడుకున్నాడు."

టీ కొట్టాయన టీ కక్కుకోబోయి ఆగాడు. అమ్మాయి నవ్వలేదు. గడియారం వంక చూసి, చేతిలో ఉన్న ఇంటర్వ్యూ కాగితాన్ని మళ్లీ మడత పెట్టింది. అప్పటికి దాన్ని అలా ఎన్నిసార్లు మడిచిందో, మధ్యలో చిరుగు పడుతోంది. మాస్టారు ఆ చిరుగు చూశాడు. మాట ఇంకా వేగమైంది.

"తిరిగొచ్చేటప్పుడు వరదకి వంతెన కొట్టుకుపోయింది. నేనేమో ముందుచూపుగా స్కర్టు అంచులో మడత మీద మడత దాచిపెట్టి ఉంచాను. ఆవిడ ఒక్క దారం లాగింది. స్కర్టు జారుతూ, సాగుతూ, ఈ గట్టు నించి ఆ గట్టు దాకా పరుచుకుంది. దాని మీద నించి ఆవిడ నడిచొచ్చింది. ఆవిడ వెనకాల ఒక బస్సు కూడా వచ్చింది."

"ఏ నంబరు బస్సు?" అంది కండక్టరమ్మ.

"మీ డిపోది కాదులే."

అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మాస్టారూ, ఆవిడ స్కర్టుకి నదంత మడత దాచారు కదా. నా దాని అంచులో ఎంత ఉంచారు?"

మాస్టారు మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. ముగ్గురూ ఆయన వంకే చూస్తున్నారు.

"ఏమీ ఉంచలేదమ్మా," అన్నాడు చివరికి. "బెత్తెడు తక్కువ కోశాను. తప్పు నాదే."

"ఇంతసేపూ ఇది చెప్పడానికేనా?" అంది అమ్మాయి. గొంతు పెంచలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పటికే వదినగారు స్కర్టూ, ముదురు బ్రౌన్ గుడ్డ ముక్కా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అమ్మాయి ఆ ముక్కని స్కర్టు కింద ఆనించి చూసింది.

"అతుకని తెలుస్తుందా?"

'బ్రహ్మకి కూడా తెలియదు' అనబోయాడు మాస్టారు. ఆపుకున్నాడు. "తెలుస్తుంది. కానీ కుట్టు ఊడదు. కాళ్లకి కూడా ఈ రంగు చెప్పులే ఉంటే, కావాలని వేయించుకున్నట్టు కనిపిస్తుంది. బెల్టు మాత్రం వద్దు."

"కుట్టండి," అంది.

మిషను మీద ఆయనే కూర్చున్నాడు. అలా నోరు మూసుకుని కుట్టడం వదినగారు అంతకుముందు చూడలేదు. దారం తెగినప్పుడు కూడా ఆయన మాట్లాడలేదు. పదిన్నరకి అమ్మాయి తయారైంది. వదినగారు తన ముదురు రంగు చెప్పులు విడిచి ఇచ్చింది. కండక్టరమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, తన బస్సు ఎక్కించింది.

ఆ రోజంతా మాస్టారికి పని సాగలేదు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న పెద్దలు పట్టీని వేలు పెట్టి చూపిస్తున్నట్టు, అమ్మాయి తలదించుకున్నట్టు ఒకటే ఊహలు. మధ్యాహ్నం అన్నం సగంలో లేచాడు.

నాలుగింటికి అమ్మాయి చెప్పులు తిరిగివ్వడానికి వచ్చింది. మాస్టారు కత్తెర పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"బాగానే చెప్పాను మాస్టారూ. వారంలో కబురు చేస్తామన్నారు."

"మరి స్కర్టు?" అన్నాడు. "ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ చూడనే లేదు," అంది అమ్మాయి. "మధ్యలో ఇంత పెద్ద బల్ల అడ్డం ఉంది."