బుధవారం మెడనొప్పి

కోల్‌కతా శ్యామ్‌బజార్‌లో ఒంటరిగా ఉంటూ, ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే నిరుపమ్ లాహిరికి అతన్ని అన్నయ్య అనే అర్థంలో ‘దా’, ‘దాదా’ అని పిలిచే ఆఫీసు ఫిజియో సుపర్ణ ప్రతి బుధవారం వీడియోకాల్ చేస్తుంది.

“మళ్ళీ మంచమేనా నిరుపమ్‌దా! మళ్ళీ ఒళ్ళో ఆ పొడుగు దిండు, దాని మీద లాప్‌టాప్!”

“బెంగాలీవాణ్ణమ్మా. వాటేసుకోడానికి ఆ దిండు లేనిదే నాకు నిద్రా రాదు, పనీ సాగదు.”

“కింద గాలాడక లాప్‌టాప్ కాలిపోతుంది. మీ మెడేమో కొంగ మెడలా వంగిపోయింది. నొప్పెలా ఉంది?”

“అలాగే ఉంది. ఇంకాస్త ఎక్కువే అనుకో.”

“ఆఫీసు పంపిన టేబులు, స్టాండు ఏం చేశారు?”

“ఉన్నాయి... ఉన్నాయిలే. నువ్వు భోంచేశావా?”

“మాట మార్చకండి. తగ్గిందని చెప్పండి, ఇవాళే మీ ఫైలు మూసేస్తా. నాకు ఫోన్ల బాధ, మీకు నా తిట్ల బాధ వదిలిపోతాయి.”

“తిట్టు. తిడితే ఏం పోయింది?”

“లాప్‌టాప్ ఒకసారి టేబులు వైపు తిప్పండి.”

“అటంతా చీకటి. ఏం కనపడదు.”

“తిప్పండి దాదా.”

“...ఇదిగో.”

“స్టాండు సరిగ్గా కంటి ఎత్తున పెట్టారే! విడిగా కీబోర్డు. కుర్చీలో నడుము దగ్గర టవలు చుట్ట. అన్నీ నేను చెప్పినట్టే... ఆ టీ ఎవరిది? పొగలొస్తున్నాయి.”

“నాదే.”

“అంటే ఇందాకటిదాకా అక్కడే కూర్చున్నారు.”

“ఊఁ.”

“మరి నొప్పి?”

“ఎప్పుడో పోయింది. దుర్గాపూజ సెలవులకి ముందే.”

“మరి నేను ఫోన్ చేసేసరికి ఈ మంచమెక్కడం దేనికి?”

“తగ్గిందంటే నువ్వు చెయ్యవుగా. వారమంతా నాకు వినపడేది పక్కింటి కుక్కరు కూతొక్కటే. బుధవారం నువ్వు పేరు పెట్టి తిడతావు. బాగుంటుంది.”

“నిరుపమ్‌దా... అబద్ధం రాయలేను. మూసెయ్యాలి.”

“మూసెయ్, మూసెయ్. నీ ఉద్యోగం నీది... ఒకటడగనా? ఇందాకట్నుంచీ నీ చెయ్యి నీ మెడ మీంచి దిగలేదు.”

“ఏం లేదు. ఊరికే.”

“నీ లాప్‌టాప్ ఎక్కడుంది?”

“టేబులు మీద.”

“తల దించుకుని మాట్లాడుతున్నావు. ఎక్కడుంది సుపర్ణా?”

“...ఒళ్ళో. హాస్టల్ మంచం మీద.”

“దిండు మీదా?”

“దిండు మీదే. నన్నెవరడుగుతారు దాదా?”

“సరే, నా ఫైలు మూసెయ్. వచ్చే బుధవారం ఫోన్ నేను చేస్తా. టేబులు దగ్గర కూర్చుని ఎత్తు, లేకపోతే తిడతాను.”